గ్లూకోజ్ బాటిల్ పెట్టొద్దన్నందుకు

1994 చలికాలం. బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీకి దగ్గరగా ఉన్న ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో నేను ఫిజీషియన్‌గా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. వరంగల్‌లో చదువుకుని, బ్యాంకు ఉద్యోగి అయిన మా ఆయన బదిలీ వెంట ఆ ఊరు చేరాను. ఓపీలో సగం మంది హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో మాట్లాడేవారు. మిగతావాళ్లలో చాలామంది తాతల నాడే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్లు. వాళ్ల తెలుగు వినబడితే చాలు, చీటీ రాసిచ్చాక కూడా ఇంకాసేపు కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని.

ఇన్నేళ్ల వృత్తిలో మరిచిపోలేని కేసు ఏదని ఎవరైనా అడిగితే నేను పైడిరాజు పేరు చెబుతాను. అదేదో గొప్పగా నయం చేశానని కాదు. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, అందుకు. ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.

పైడిరాజుకి ముప్పై దాటి ఉంటాయి. ఊరి పక్కనే ఫ్యాక్టరీలుండే సిర్గిట్టిలో ఒక చిన్న ఫౌండ్రీలో, అంటే ఇనుము కరిగించి పోతపోసే కర్మాగారంలో, బరువులు మోసే పని. మనిషి దిట్టంగా ఉన్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం అవుతోంది. తన కాళ్ల మీద తనే నడిచి వచ్చి నా ముందు కూర్చున్నాడు. వెంట తల్లి అప్పలనర్సమ్మ.

"తెల్లారేసరికి లెగలేకపోనాడు డాక్టరమ్మా," అందామె. "కాళ్లూ సేతులూ సచ్చుబడిపోనాయి. నీళ్లు కూడా నానే తాపించినాను. ఇప్పుడు సూడండి, ఎంచక్కా నడిసొచ్చినాడు. ఇది ఎవులికి సెప్తే నమ్ముతారు?"

"స్పృహ ఉంటుందా?" అని అతన్ని అడిగాను.

"బుర్ర పని సేస్తాది మేడమ్. మాటొస్తాది. సీమ కుట్టినా తెలుస్తాది. సెయ్యెత్తుదామంటే మాత్రం సెయ్యి నాది కాదు."

ఎవరూ నమ్మలేదన్నది నిజమే. ఫౌండ్రీకి ఒక ప్యానెల్ డాక్టరు ఉండేవాడు. ప్యానెల్ డాక్టరంటే కంపెనీ నెల నెలా ఫీజిచ్చి పెట్టుకున్న డాక్టరు. పనివాళ్లకు జబ్బుందో లేదో తేల్చేది ఆయనే. ఆయన మా ఆసుపత్రిలోనే నాకంటే సీనియర్. పైడిరాజుని అప్పటికి చాలాసార్లు చూశాడు, చూసిన ప్రతిసారీ మధ్యాహ్నమే చూశాడు. అప్పటికి అతను లేచి తిరుగుతూనే ఉండేవాడు. ఆయన ఒక్క మాట రాసి పంపేశాడు: మాలింగరింగ్. పని ఎగ్గొట్టడానికి జబ్బు నటించడమని దానర్థం. మేనేజరు ఇంకో మెట్టు దిగి, రాత్రి తాగింది దిగక లేవలేకపోతున్నాడని తేల్చేశాడు.

"తాగుతావా?" అని అడిగాను.

"మా కంపెనీలో తాగనోడు ఎవుడున్నాడు మేడమ్? నానొక్కణ్నే తాగను. తాగుబోతని పేరు మాత్రం నాకొక్కడికే వొచ్చింది." నవ్వాడు కానీ, కళ్లు నవ్వలేదు. ఇంకోసారి ఇలా నాగా పెడితే తీసేస్తామని అప్పటికే చెప్పారట.

ఎప్పుడెప్పుడు పడిపోయావో, దానికి ముందురోజు ఏం చేశావో, ఏం తిన్నావో చెప్పమన్నాను. తల్లీకొడుకులిద్దరూ తడుముకుంటూ చెప్పుకొచ్చారు. మేనల్లుడి పెళ్లి మర్నాడు. అమ్మవారి సంబరం మర్నాడు. పక్కింటివాళ్ల గృహప్రవేశంలో బూరెలు, పులిహోర తిన్న మర్నాడు. రెండు డ్యూటీలు వరుసగా చేసి, ఇంటికొచ్చి కుండెడన్నం తిని పడుకున్న మర్నాడు. మేనేజరుకి తాగుబోతు అనిపించింది కూడా ఇందుకే. విందు జరిగిన మర్నాడు మనిషి లేవలేదంటే ఆయనకి ఇంకేమీ తోచలేదు. నాకు మాత్రం చదువుకున్న ఒక పేరు గుర్తొచ్చింది: హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలిసిస్. రక్తంలో పొటాషియం హఠాత్తుగా పడిపోయి, కొన్ని గంటలపాటు కండరాలు పనిచేయకుండా పోయే జబ్బు.

ఇది నరాల జబ్బు కాదు, మనసు జబ్బు అసలే కాదు. కండరంలో ప్రతి కణానికీ చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో అయాన్ ఛానెల్స్ అనేవి ఉంటాయి. అవి ప్రోటీన్‌తో తయారైన సన్నటి దారులు. సోడియంకి వేరే దారి, పొటాషియంకి వేరే, కాల్షియంకి వేరే. ఒకదాని దారిలో ఇంకొకటి సాధారణంగా పోదు. సోడియం, కాల్షియం దారుల్లో ఒకే పొడవాటి ప్రోటీన్ గొలుసు నాలుగు భాగాలుగా మడతపడి, మధ్యలో రంధ్రం వదిలి గుండ్రంగా కూర్చుంటుంది. ప్రతి భాగంలోనూ విద్యుత్తును పసిగట్టే ముక్క ఒకటి ఉంటుంది. పొరకి రెండు పక్కలా ఉన్న విద్యుత్తులో తేడా వచ్చినప్పుడు ఆ ముక్క కదులుతుంది, దారి తెరుచుకుంటుంది. తెరుచుకున్న సోడియం దారి క్షణంలో లోపలి నుంచి మూతపడిపోతుంది. పొర తిరిగి విశ్రాంతి స్థితికి వస్తేనే అది మళ్లీ తెరుచుకోవడానికి సిద్ధమవుతుంది. మనం చెయ్యెత్తామంటే ఈ తెరవడం, మూయడం, సిద్ధమవడం అన్నీ సవ్యంగా జరిగాయన్నమాట.

పైడిరాజు లాంటి వాళ్లలో చాలామందికి ఆ పసిగట్టే ముక్కలో పుట్టుకతోనే చిన్న లోపం ఉంటుంది. కాల్షియం దారిని తయారుచేసే జన్యువులో ఆ లోపాన్ని పరిశోధకులు కనిపెట్టింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అన్నమో తీపో దండిగా తింటే ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని పొటాషియాన్ని కండరాల్లోకి తోస్తుంది. మనకి దానివల్ల ఏమీ కాదు. వీళ్ల కండరపు పొర మాత్రం విశ్రాంతి స్థితికి రాలేక మధ్యలో ఆగిపోతుంది. సోడియం దారులు మూసుకున్నవి మూసుకున్నట్టే ఉండిపోతాయి. మెదడు ఆజ్ఞ ఇస్తుంది, నరం దాన్ని మోసుకొస్తుంది, కండరం అందుకోదు. పొటాషియం నెమ్మదిగా రక్తంలోకి తిరిగొచ్చాక మనిషి లేచి కూర్చుంటాడు. అందుకే మధ్యాహ్నానికి ఏ పరీక్ష చేసినా ఏమీ దొరకదు. నేను చేసినా దొరకలేదు. రక్తంలో పొటాషియం మామూలుగానే ఉంది. థైరాయిడ్ వల్ల కూడా ఇలాగే అవుతుందని నాగ్‌పూర్‌కి నమూనా పంపించాను. అదీ బాగానే ఉంది.

పొటాషియం సిరప్ ఇచ్చి పంపేయొచ్చు కదా అంటారేమో. ఇలాంటిదే ఇంకో జబ్బుంది, అందులో పొటాషియం ఎక్కువై పడిపోతారు. ఏదో తేలకుండా ఆ సీసా ఇంటికివ్వడం ప్రాణాలతో ఆట. "పడిపోయినప్పుడు అలాగే మంచంతో సహా ఎత్తుకు రండి. ఏమీ పెట్టకండి. రాత్రిపూట అన్నం తగ్గించండి, తీపి మానేయండి," అన్నాను.

అప్పలనర్సమ్మ లేవలేదు. "అదిసరే గానీ, ఒక్క బాటిలైనా ఎక్కించండమ్మా. బిల్కుల్ నీరసంగా ఉన్నాడు," అంది.

ఆ రోజుల్లో అక్కడ వైద్యమంటే బాటిలే. జ్వరమొస్తే గ్లూకోజ్ బాటిల్, పరీక్షలకి చదివే పిల్లకి గ్లూకోజ్ బాటిల్, రాయ్‌గఢ్ నుంచి చుట్టాలొచ్చి వెళ్లాక అలిసిపోయిన ఇల్లాలికి గ్లూకోజ్ బాటిల్. బజారులో ఒకాయన కొట్టు ముందు బల్ల వేసి, గోడ మేకుకి బాటిల్ తగిలించి ఎక్కించేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి పలకరించేవాళ్లు. పెద్ద డిగ్రీలున్న వాళ్లు కూడా తక్కువ తినలేదు. రోగి అడిగాడని పెట్టేవారు, అడక్కపోయినా పెట్టేవారు. చక్కెర నీళ్లు నరంలోకి పోస్తే బలమొస్తుందని జనానికి నేర్పిందెవరు? మేమే. పైడిరాజు లాంటి మనిషికి ఆ చక్కెర నీళ్లు పెట్టడమంటే విందు భోజనాన్ని తిన్నగా నరంలోకి ఎక్కించినట్టే. ఇదంతా ఆమెకి విడమరిచి చెప్పాను. ఆమె విన్నది ఒక్కటే: ఈవిడ బాటిల్ పెట్టదు. వారం తిరక్కుండా కాలనీ అంతా నా పేరు మోగిపోయింది. తెలుగావిడై ఉండి కూడా పేదోళ్లంటే దయ లేదట.

తర్వాత అతను రెండుసార్లు పడిపోయాడట. నా దగ్గరికి తీసుకురాలేదు. పైడిరాజు భార్య సత్యవతి ఒకరోజు పిల్లవాడికి దగ్గుమందు కోసం వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడింది. నేను కేకలేశాను. ఆ పిల్ల తల వంచుకుని, "మంచమ్మీద ఎత్తుకొత్తే లైన్లో ఇళ్లోళ్లంతా సూత్తారు కదా మేడమ్? తాగి పడిపోయినాడని ముందే అంతన్నారు. తలుపేసుకుని కూకుంటాం. మజ్జానానికి లెగుత్తాడు," అంది. తన మొగుణ్ని తాగుబోతన్న వాళ్లకి భయపడి రోగాన్ని దాచుకుంటోంది. ఇంక నేనేం కేకలేస్తాను?

ఇంతలో ఫౌండ్రీలో విచారణ పెట్టారు. ఫలానా రోజు పొద్దున్నే వచ్చి సంజాయిషీ ఇవ్వాలి, రాకపోతే ఉద్యోగం పోయినట్టే. ఆ ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. ఆ ఫౌండ్రీ వాళ్లు తాగుబోతని ముద్రవేసి గెంటేస్తే సిర్గిట్టిలో ఇంకెవరూ పని ఇవ్వరు. కొడుకు విచారణలో గట్టిగా నిలబడాలని అప్పలనర్సమ్మ తనకి తెలిసిన మంచి అంతా చేసింది. ముందురోజు సాయంత్రం బజారుకి తీసుకెళ్లి, మేకుకి తగిలించే ఆ కొట్లో బాటిల్ ఎక్కించింది. ఇంటికొచ్చాక పరమాన్నం వండి కడుపునిండా పెట్టింది.

తెల్లారేసరికి పైడిరాజుకి మెడ కింద ఏదీ కదల్లేదు.

వెళ్లకపోతే ఉద్యోగం పోతుందని సామాన్లు మోసే రిక్షా మీద పడుకోబెట్టి ఫౌండ్రీ గేటుకి తీసుకెళ్లారు. మేనేజరు బయటికొచ్చి చూసి నవ్వాడట. సరిగ్గా విచారణ రోజునే పడిపోయాడంటే ఇంక సాక్ష్యమెందుకు అన్నాడట. తాగాడని ప్యానెల్ డాక్టరు చేత రాయించడానికి జీపులో వేసుకుని తనే మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

నేను వార్డులో రౌండ్స్‌లో ఉండగా సత్యవతి పరిగెత్తుకొచ్చింది. క్యాజువాలిటీలోకి వెళ్లేసరికి పైడిరాజు బల్ల మీద వెల్లకిలా పడున్నాడు. లుంగీ పక్కకి తొలగిపోయి ఉంది. సర్దుకోలేడు, సర్దాలని అక్కడెవరికీ తోచలేదు. చేతికి అప్పుడే సూది గుచ్చారు. పైన గ్లూకోజ్ బాటిల్ వేలాడుతోంది. అప్పలనర్సమ్మ దానికేసి చూసి దండం పెడుతోంది.

"ఎవరు పెట్టమన్నారిది?" అన్నాను.

"నేనే," అన్నాడు సీనియర్ తాపీగా. "ఇలాంటి నాటకాలకి ఇదే మందు. బాటిల్ ఎక్కితే ముచ్చట తీరి వాడే లేస్తాడు."

రోగం లేదని ఆయనకి నమ్మకం. లేని రోగానికి మందు పెట్టాడు, ఆ మందే ఉన్న రోగాన్ని పెంచుతోంది. నేను గొట్టం మూసేసి సూది పీకేశాను. అప్పలనర్సమ్మ లబోదిబోమంది. "ఓలమ్మో, ఎక్కుతున్న బాటిల్ తీసేసింది! నా కొడుకేటి సేసినాడు నీకు?"

ఆమెకి జవాబు చెప్పే తీరిక లేదు. పైడిరాజు గొంతు సన్నగా వస్తోంది. ఊపిరి పైపైన ఆడుతోంది. "భయమేత్తంది మేడమ్," అన్నాడు.

మేనేజరు గోడకి ఆనుకుని, "యే సబ్ నాటక్ హై," అన్నాడు. ఇదంతా నాటకమేనని.

అప్పుడు నా కోపం హద్దు దాటింది. మోకాలి సుత్తి తీసుకుని మేనేజరుని కుర్చీలో కూర్చోమన్నాను. ఎందుకో అర్థం కాక కూర్చున్నాడు. మోకాలి చిప్ప కింద తట్టాను. కాలు ఎగిరింది. "ఇప్పుడు ఎగరకుండా ఆపండి," అని మళ్లీ తట్టాను. పళ్లు బిగించాడు, అయినా ఎగిరింది. దీన్ని రిఫ్లెక్స్ అంటారు. మన ఇష్టంతో సంబంధం లేకుండా కండరం తనంతట తాను ఇచ్చే జవాబు. సుత్తి ఆయన చేతికిచ్చి, "వెళ్లి మీ నటుణ్ని కొట్టండి," అన్నాను. పైడిరాజు మోకాలు ఎత్తి పట్టుకున్నాను. ఆయన తట్టాడు. ఏమీ లేదు. గట్టిగా తట్టాడు. రాయిని కొట్టినట్టుంది. రెండో మోకాలు కూడా అంతే.

"దీన్ని నటించడం మీ వల్ల కాలేదు. అతనికెక్కడ నేర్పారంటారు?" అన్నాను. మేనేజరు సుత్తి బల్ల మీద పెట్టేశాడు.

ఈసీజీ తీయించాను. పొటాషియం పడిపోతే గుండె గీతలో ఒక మిట్ట చదునైపోయి, దాని వెనక మామూలుగా పెద్దగా కనబడని ఇంకో మిట్ట లేస్తుంది. దాన్ని యూ వేవ్ అంటారు. కాగితం పొడవునా అవే ఉన్నాయి. రక్తం నేనే తీసి ల్యాబ్‌కి పంపాను. పొటాషియం రెండుకి కాస్త పైన. ఉండాల్సింది మూడున్నర పైన. సీనియర్ ఈసీజీ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఆయనకి చదవడం వచ్చు. ఆ మిషను అన్నేళ్లూ ఆయన గదికి ఎదురుగానే ఉంది.

మింగగలుగుతున్నాడు కాబట్టి పొటాషియం సిరప్ నీళ్లలో కలిపి చెంచాతో పట్టించడం మొదలుపెట్టాం. అది నోట్లో పెట్టుకోలేనంత చేదు, ఉప్పన. ఆక్సిజన్ పక్కనే పెట్టుకుని, నర్సు ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. మేనేజరు వెళ్లిపోలేదు. బెరుగ్గా, "మరి ఇదేం జబ్బు డాక్టర్ సాబ్?" అన్నాడు.

"మీ ఫ్యాక్టరీ దారిలో లెవెల్ క్రాసింగ్ ఉంది కదా. గేట్‌మన్ మెలకువగానే ఉన్నాడు, బండి వెళ్లిపోయిందని ఫోనూ వచ్చింది, కానీ గేటు బిగుసుకుపోయి లేవడం లేదు. జీపులు, లారీలు అన్నీ ఆగిపోయాయి. అప్పుడు గేట్‌మన్ తాగున్నాడని రాస్తారా? ఇతని కండరాల్లో లక్షల గేట్లు అలా బిగుసుకుపోయాయి. మీరేమో విచారణ పెట్టారు."

"అచ్ఛా," అన్నాడాయన, అంతే.

మధ్యాహ్నం దాటాక పైడిరాజు వేళ్లు కదిలాయి. ఆ తర్వాత మోచెయ్యి. చెయ్యి వశంలోకి రాగానే అతను చేసిన మొదటి పని, కిందికి పోనిచ్చి లుంగీ సర్దుకోవడం. మోకాళ్ల కిందికి లాక్కుని, కొసలు దోపుకుని, అప్పుడు కళ్లు మూసుకున్నాడు. అంతవరకూ అది నాకూ తోచలేదు. పొద్దుటి నుంచీ ఆ గదిలోకి ఎంతమంది వచ్చి వెళ్లారో!

ఉద్యోగం నిలిచింది. బరువుల పని నుంచి తీసి స్టోర్‌లో వేశారు. అసెటజోలమైడ్ మాత్రలు, సిరప్, రాత్రిపూట తక్కువ అన్నం. వీటితో చాలావరకు పడిపోవడం ఆగింది. కానీ ఫౌండ్రీ వాళ్లు ఏమని చెప్పారో తెలుసా? అనుమానం ఉంది కాబట్టి దయతలచి ఈసారికి వదిలేస్తున్నామన్నారు. ఏమిటా అనుమానం? తాగుబోతన్న మాట తప్పని ఎవరూ నోరు తెరిచి అనలేదు. సీనియర్ తన పాత రాతని మార్చలేదు. నేను వెళ్లి అడిగితే, "ఇలాంటివి లక్షమందిలో ఒకడికొస్తాయి. అందరికీ ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

జబ్బు పేరు తెలియకపోవచ్చు, ఒప్పుకుంటాను. మోకాలి మీద సుత్తితో తట్టడం మాకు మెడికల్ కాలేజీలోనే నేర్పుతారు. పడిపోయిన వేళ ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి ఉంటే చాలు. తెలియదు అని రాసినా సరిపోయేది. అబద్ధమాడుతున్నాడని రాశాడు.

ఇంటికి పంపే రోజున అప్పలనర్సమ్మని వరండాలో కూర్చోబెట్టి మాట్లాడాను. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు, మనవడికి వచ్చే అవకాశం సగానికి సగం, ఎదిగే వయసులో కనిపెట్టుకుని ఉండాలని చెప్పాను. మీ వాళ్లలో ఇంకెవరికైనా ఇలా అయ్యేదా అని అడిగాను.

"ఆడి తండ్రి," అంది. "గూడ్స్ షెడ్‌లో మూటలు మోసీవోడు. పండగెల్లిన మర్నాడు లెగీవోడు కాదు. లెగలేకపోతన్నానే, నన్నొగ్గియ్యే అనీవోడు. దొంగేసాలనుకున్నాను. కాలితో తన్ని లెగదీసీదాన్ని డాక్టరమ్మా. పిల్లల ముందర తన్నీదాన్ని. ఒక్కపాలి కూడా తిరిగి కొట్టలేదు. మంచోడు కాబట్టి కొట్టలేదనుకున్నాను ఇన్నాళ్లూ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సెయ్యి లెగక కొట్టలేదా అమ్మా?"

ఆయన పోయి చాలా ఏళ్లయిందట. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

అప్పటి నుంచీ రోగి చెప్పేది నా పరీక్షలో తేలకపోతే, అబద్ధమన్న మాట మాత్రం నా నోటి నుంచి రానివ్వలేదు. నేను చూసిన వేళ తప్పేమో అనుకుంటాను, మళ్లీ చూస్తాను. నా దగ్గర పనిచేసిన చిన్న డాక్టర్లకీ అదే చెప్పాను, కొన్నిసార్లు అరిచి మరీ చెప్పాను. అప్పలనర్సమ్మ తన మొగుణ్ని తెలియక తన్నింది, తెలిసిన రోజున ఏడ్చింది. అన్నీ చదువుకుని, సుత్తి జేబులో పెట్టుకుని తిరిగిన మా వాళ్లలో ఒక్కరు కూడా ఏడవలేదు.